అక్క వద్దన్న గొట్టం

నాకు ఐసీయూ పని నేర్పింది మా హెడ్ సిస్టర్. నర్సులమంతా ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం. ఇప్పుడు నగరంలో కలిసిపోయిన పుప్పాలగూడ ఇంకా పల్లెగా ఉన్నప్పుడు అక్కడ పుట్టి, అక్కడే పెరిగిన మనిషి. భర్త తొందరగా పోతే, రాత్రి డ్యూటీలు చేసి ఒక్కతే కూతుర్ని చదివించుకుంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తోంది.

రిటైరైన కొన్నేళ్లకు అక్కకు ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు వచ్చింది. మందులు దాన్ని ఆపలేవని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని ఒకరోజు మా ఆసుపత్రికి వచ్చింది. వెంట కూతురుంది. ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, నోటరీ చేయించిన కాగితం మా పెద్ద డాక్టరు గారి బల్ల మీద పెట్టింది.

"సారూ, నా ఊపిరి ఆగే టైం వస్తే నాకు గొట్టం ఎయ్యొద్దు. మిషన్ మీద పెట్టొద్దు. నొప్పి తెల్వకుండ జూడుండ్రి, సాలు. గిది నా ఫైల్ల పెట్టుకోండ్రి."

డాక్టరు గారు నవ్వబోయి ఆగిపోయారు. ఆయన ఇక్కడ జూనియర్‌గా చేరినప్పుడు, మొదటిసారి రోగి గొంతులోకి గొట్టం వేస్తూ తడబడితే పక్కన నిలబడి ధైర్యం చెప్పింది అక్కే.

"మీరు కూడా ఇలా మాట్లాడితే ఎలాగండీ?" అన్నారు. "రేపు మీ చుట్టాల్లో ఎవరో వచ్చి వైద్యం చెయ్యకుండా వదిలేశారని కేసు పెడితే?"

"చుట్టాలెవరు సార్? నా బిడ్డ ఇగో, ఈడనే ఉన్నది. ఎంతమందికి గొట్టాలు ఏసినమో, మన కండ్లతోని సూడలేదా? మంచిగై ఇంటికి పోయినోళ్లను సూసిన. ఇగ మంచిగ గారని తెలిసి గూడ నెలలకు నెలలు ఉంచినోళ్లను సూసిన. నాకద్దు."

ఆయన కాగితం తీసుకుని ఫైల్లో పెట్టారు. కానీ చదవలేదు.

ఆ మధ్యాహ్నం మా టీ గదిలో అదే మాట నడిచింది. చావు మన చేతుల్లో లేనప్పుడు అలా రాసివ్వడం పాపం అంది ఒక సిస్టర్. కాగితం ఉన్నా సరే, ముందు గొట్టం వేసి తర్వాత ఆలోచించడమే క్షేమం, లేకపోతే పోలీసులకు జవాబు చెప్పుకోవాలి అన్నాడు జూనియర్ డాక్టరు. మరి మీ అమ్మకైతే ఏం చేస్తారని నేను అడిగాను. అతను కప్పు పక్కన పెట్టి వార్డులోకి వెళ్లిపోయాడు. రోగి వద్దంటే గొట్టం వెయ్యకూడదని మీటింగుల్లో అందరం ఒప్పుకుంటాం. తెలిసిన మనిషి మంచం మీదికి వచ్చేసరికి ఎవరికీ నోరు పెగలదు.

వానాకాలంలో అక్కకు నిమోనియా వచ్చింది. కూతురు అంబులెన్స్‌లో తీసుకొచ్చేసరికి పెదవులు నీలంగా మారాయి, పిలిస్తే పలకడం లేదు. పెద్ద డాక్టరు గారు పరుగున వచ్చారు. నేను ఫైలు తెరిచి ఆ కాగితం ఆయన ముందు పెట్టాను.

"నాకు తెలుసమ్మా," అన్నారు. తర్వాత కూతురి వైపు తిరిగారు. "ఇది నిమోనియా. తగ్గే జబ్బు. రెండు రోజులు మిషన్ మీద పెడితే అమ్మ మళ్లీ ఇంటికి రావచ్చు. ఆమె రాసింది ఇలాంటిదాని గురించి కాదు. నా మాట వినండి."

ఆ అమ్మాయి తల్లి ముఖం చూసింది, డాక్టరు ముఖం చూసింది. "అమ్మ వద్దన్నది సార్," అంది ముందు. "నిజంగ మంచిగైతదా?" అంది ఆ వెంటనే. ఆయన అవునన్నట్టు తలూపారు. ఆయన అబద్ధం చెప్పారని నేననుకోను. నమ్మాలని ఆయనకూ ఉంది. ఆ అమ్మాయి సరే అంది, గొట్టం వేశారు.

రెండు రోజులు పోయాయి, ఇంకో నాలుగు పోయాయి. నిమోనియా కాస్త తగ్గింది గానీ, ముందే గట్టిపడిన ఊపిరితిత్తులు మిషన్‌ను వదల్లేకపోయాయి. మత్తు తగ్గించినప్పుడు అక్క కళ్లు తెరిచింది. గొట్టం లాక్కుంటారేమోనని ఇలాంటి రోగుల చేతులను మెత్తటి గుడ్డతో మంచానికి కట్టేస్తాం. ఎవరి చేతులైనా ఎలా కట్టాలో, చర్మం ఒరుసుకోకుండా ముడి ఎలా వెయ్యాలో నాకు నేర్పింది ఆమే. నేను కట్లు విప్పి, ఆమె చేతిని నా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. చూపుడు వేలితో నా అరచేతిలో ఒక్కో అక్షరమే రాసింది. "సాలు."

డాక్టరు గారికి చెప్పాను. ఆయన చేతిలో ఉన్న ఫైలు అక్కడే పెట్టేశారు. వచ్చి ఆమె పక్కన కూర్చుని, "అక్కా, నాకు తెలుస్తోంది. తీసేస్తాను," అన్నారు. ఆయన నోట అక్కా అన్న మాట నేను వినడం అదే మొదలు.

అయితే వేసినంత సులువు కాదు, తియ్యడం. చట్టం ప్రకారం ముందు మా ఆసుపత్రి డాక్టర్లు ముగ్గురు చూసి సంతకం పెట్టాలి. తర్వాత జిల్లా వైద్యాధికారి పంపే బయటి డాక్టరుతో కలిపి ఇంకో ముగ్గురు ఒప్పుకోవాలి. మా వాళ్లలో ఒకాయన సంతకం పెట్టనన్నారు. "నేను ప్రాణం నిలబెట్టడానికి చదువుకున్నాను. ఈ పని నాతో చేయించకండి," అన్నారు. ఆయనది మొండితనం కాదు.  ఆయన బదులు వేరొకరిని వెతికారు. బయటి డాక్టరు రావడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. అన్ని రోజులూ అక్క కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

ఒక ఉదయం గొట్టం తీశారు. ఆయాసం తెలియకుండా మందు ఇచ్చాం. కూతురు మంచం మీద పక్కనే పడుకుని తల్లిని పట్టుకుంది. అక్క గొంతు బొంగురుగా, గాలిలాగా వచ్చింది.

"ఏడ్వకు బిడ్డా. పరేషాన్ గాకు."

"నేనే సరే అన్న అమ్మా. నువ్వు వద్దన్నవు గద."

"ఏం గాదు."

అంతకు మించి అక్కకు ఊపిరి అందలేదు. మధ్యాహ్నం భోజనాల బండి వార్డులోకి వచ్చే వేళకు ఊపిరి నెమ్మదించి ఆగిపోయింది.

పదకొండో రోజున వాళ్ల అపార్ట్‌మెంట్‌కు వెళ్లాం. డాక్టరు గారు కూడా వచ్చారు. అక్క ఫొటో ముందు నిలబడి, "మీ అమ్మకు నా మీద కోపం ఉండేదా అమ్మా?" అని అడిగారు.

"అమ్మకు లేకుండె సార్," అంది ఆ అమ్మాయి. "నాకున్నది. మీ మీద, నా మీద గూడ."

ఆయన తల దించుకున్నారు. ఆ అమ్మాయి లోపలికెళ్లి విస్తరి వేసింది. "కూసోండి సార్, తినిపోండి," అంది. ఆయన కూర్చున్నారు. కలిపిన ముద్ద నోటిదాకా తీసుకెళ్లి, మళ్లీ విస్తట్లోనే పెట్టేశారు.