ముందు సీటు

క్లబ్బులో అందరూ ఆమెను ముందక్క అనేవారు, జంట సైకిలు మీద ముందు సీటు ఆమెది కాబట్టి. వెనక సీటులో కూర్చునే స్నేహితురాలు వెనకక్క. వెనకక్కకు పుట్టుకతోనే చూపు లేదు, ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేస్తుంది. ముందక్క బట్టలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. పొద్దున్నే సైకిలు మీద వంగడం, ఆ తర్వాత పగలంతా కత్తెర పట్టుకుని బల్ల మీద వంగడం. "నువ్వు నిటారుగా నిలబడగా నేను చూసింది మన పెళ్లి ఫొటోలోనే" అని బస్సు డ్రైవరైన ఆమె భర్త ఆటపట్టించేవాడు.

జంట సైకిలు మీద హ్యాండిలూ బ్రేకులూ గేర్లూ అన్నీ ముందు మనిషి చేతిలోనే ఉంటాయి. నోరు కూడా ఊరుకోకూడదు. "ఎడమకి మలుపు", "గతుకు", "ఎత్తొస్తోంది, తొక్కవే" అని చెబుతూనే ఉండాలి. వెనకావిడ ఆ మాట నమ్మి తొక్కాలి. చూపులేనివాళ్ల సైకిలు పోటీల్లో ఈ జంటకు పెద్ద పేరు. ఇద్దరికీ నలభై దగ్గరపడుతున్నా, పాతికేళ్ల పిల్లలు వీళ్ల వెనకాల దుమ్ము తినేవారు.

నొప్పి ఎప్పుడు మొదలైందో ముందక్కకు సరిగ్గా గుర్తులేదు. మొదట్లో సైకిలు దిగబోతూ కాలెత్తితే ఎడమ తుంటిలో కలుక్కుమనేది. కార్ఖానా మెట్లెక్కుతుంటే నడుము కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్లుండేది. తర్వాత్తర్వాత పొద్దున్నే మంచం అంచున కూర్చుని సాక్సు తొడుక్కోవడమే ఓ యుద్ధమైంది. భర్త చూడకుండా గోడ పట్టుకుని లేచేది. రాసుకున్న మందుల వాసన దాచలేక కార్ఖానాలో కిటికీ పక్క బల్లకు మారింది. అయినా పొద్దున్న సాధన మానలేదు. తను ఎక్కకపోతే వెనకున్నావిడ కూడా ఎక్కలేదు కదా. పళ్ల బిగువున తొక్కింది.

వానాకాలం మొదలయ్యాక ఒకరోజు బట్ట పరుస్తూ వంగిన మనిషి మళ్లీ లేవలేకపోయింది. తోటివాళ్లు ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని కుర్చీలో కూలేశారు. భర్త బస్సు డిపోలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు అటూ ఇటూ తిప్పి చూసింది.

"చాలాకాలంగా మీ ఎడమ కాలు సరిగ్గా పనిచేయడం లేదు ఆంటీ. ఆ బరువంతా కుడికాలూ నడుమూ మోస్తున్నాయి. ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదా?"

"ఆంటీ అనకమ్మా, నేనింకా పోటీలకెళ్తున్నాను."

"ఇక కొన్నాళ్లు వెళ్లరు" అందా అమ్మాయి నవ్వకుండా.

ఆ సాయంత్రమే ముందక్క స్నేహితురాలికి ఫోన్ చేసి విషయం చెప్పింది. అవతల వెనకక్క, "పోటీలదేముందే, నువ్వు బాగుండాలి. నువ్వొచ్చేదాకా నేనా సైకిలు ముట్టను, సరేనా?" అంది. ఆ మాటకు ముందక్క కళ్లు చెమర్చాయి. "ఎంత మంచిదో చూశారా" అని భర్తతో రెండుమూడుసార్లు చెప్పుకుంది కూడా.

వ్యాయామాలు చేయగా చేయగా నడక కాస్త కుదుటపడింది. ఇన్నాళ్లు ఊరికే పడున్న సైకిలు గొలుసు తుప్పుపట్టి ఉంటుంది, నాలుగు చుక్కలు నూనె వేసొద్దామని ఓ ఆదివారం క్లబ్బు షెడ్డుకు వెళ్లింది. గొలుసు నిగనిగలాడుతోంది. ముందు సీటు మాత్రం ఆమె నడుముకన్నా పైకి లేచి ఉంది. హ్యాండిలుకు కొత్త పట్టీ చుట్టారు.

"ఇదేంటి బాబాయ్?" అని మెకానిక్‌ను అడిగింది.

"కొత్తమ్మాయి పొడుగు కదమ్మా, అందుకని ఎత్తాను. నువ్వు తొక్కే రోజుల్లో రాత్రికి మళ్లీ దించేవాణ్ణి. ఆ ఈతపోటీల పిల్ల. ఎండాకాలం నుంచీ సాయంత్రాలు నీ స్నేహితురాలితో తొక్కుతోందిగా." ఆయన ఆమె మొహం చూసి చేతిలోని రెంచి కింద పెట్టాడు. "నీకు తెలీదా?"

ఎండాకాలం. అప్పటికి ముందక్క తన నొప్పి సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. వెనకక్క పొద్దున్న తన వీపు వెనక కూర్చుని, సాయంత్రం మరొకరి వీపు వెనక కూర్చుందన్నమాట. నూనె సీసా అక్కడే వదిలేసి తిన్నగా ఆస్పత్రికి నడిచింది.

ఆపరేటరు గది మెట్ల కింద ఉంటుంది. అడుగుల చప్పుడు వినగానే వెనకక్క చెవికున్న ఫోను తీసేసింది.

"నువ్వే కదా? ఇంకా కుంటుతున్నావే."

"కొత్తమ్మాయి బాగా తొక్కుతోందా?"

వెనకక్క వేళ్లు బల్ల అంచు మీద ఆగిపోయాయి. బుకాయించలేదు.

"రెండు జతల పెడళ్లకీ గొలుసు ఒకటే కదే. నీ కాలు ఎప్పుడు నొక్కిందో, ఎప్పుడు వదిలేసిందో నా కాలికి తెలుస్తుంది. పోయినేడాదే తెలిసింది, నీ ఎడమ కాలు తొక్కడం మానేసిందని."

"తెలిసీ చెప్పలేదా?"

"చెబితే నువ్వు డాక్టరు దగ్గరికి పరుగెత్తేదానివి. ఆగిపోయేదానివి."

"బాగుపడేదాన్ని!"

"నువ్వు ఆగితే నేనీ గదిలో పడుండాలి. నువ్వు దిగి నడిచిపోగలవు, ఇంకో సైకిలెక్కగలవు. నాకో? అందుకే ముందుగా ఓ మనిషిని చూసుకున్నాను. నీకు చెప్పాలనే అనుకున్నాను, నోరు రాలేదు."

బల్ల మీద ఫోను మోగుతోంది. ఇద్దరిలో ఎవరూ దాని జోలికి పోలేదు.

"రోడ్డు మీద చిన్న గులకరాయి ఉన్నా నీకు చెప్పాను" అంది ముందక్క. "నా ఒంట్లో ఇంత జరుగుతుంటే వెనక కూర్చుని లెక్కలేసుకున్నావా?"

"ఆ పిల్లతో తొక్కుతుంటే నీ మీదున్నంత నమ్మకం రావట్లేదే" అంది వెనకక్క నెమ్మదిగా. ఆ మాట ఓదార్పుగా అందో, బతిమాలుతూ అందో ముందక్కకు తెలియలేదు. ఏదైతేనేం, ఒళ్లు మండింది. బయటికొచ్చేసింది.

ఆ తర్వాత వెనకక్క నుంచి ఫోన్లు వచ్చాయి. కొన్ని ఎత్తింది, కొన్ని ఎత్తలేదు. ఎత్తినా, "బాగానే ఉన్నాను", "ఊఁ", "సరేలే", అంతే. తుంటి నొప్పి పూర్తిగా పోలేదు. వాన ముసురు పట్టినా, బల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడినా మళ్లీ పలకరిస్తుంది. హ్యాండిలు ఎత్తుగా ఉండే మామూలు సైకిలొకటి భర్త తెచ్చిపెట్టాడు. దాని మీద మెల్లగా కార్ఖానాకు వెళ్లొస్తుంది.

చలికాలంలో ఓ తెల్లవారుజామున భార్యాభర్తలిద్దరూ వంతెన దాకా నడకకు వెళ్లారు. ఎదురుగా జంట సైకిలు వస్తోంది. ముందు పొడుగాటి పిల్ల, వెనక తల కాస్త పక్కకు వాల్చి వింటూ వెనకక్క. ఆ పిల్ల వీళ్లనెరగదు. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా సైకిలు వెళ్లిపోయింది. నాలుగు పెడళ్లూ ఒక్క తీరున తిరుగుతున్నాయి. ఎక్కడా తడబాటు లేదు.

"పిలవలేదేం?" అన్నాడు భర్త.

"ఏమని పిలవను?"

ఆమె వంతెన రెయిలింగు పట్టుకుని, ఎడమ తుంటి మీద అరచెయ్యి ఆనించి, సైకిలు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత ఇద్దరూ ఇంటిదారి పట్టారు.