నా సంతకం కింద నలుగురు

మొన్న ఆదివారం పక్కింటి అమ్మాయి ఫోను పట్టుకొని వచ్చి నా పక్కన కూర్చొని, అత్తా, మీరు చేరి ఇద్దరిని చేర్పిస్తే చాలు, ఆ ఇద్దరూ మరో ఇద్దరిని తెస్తారు, వచ్చే ఆదాయంలో అందరికీ వాటా ఉంటుంది అని ఎంతో నమ్మకంగా చెబుతుంటే, నాకు కోపం ఆ పిల్ల మీద వచ్చిందో, నలభై ఏళ్ల కిందటి నా మీద నాకే వచ్చిందో తెలియలేదు. చట్టం ఒప్పుకోదమ్మా అన్నాను. ఇది రిజిస్టరైన కంపెనీ అత్తా అని నవ్వింది. అప్పట్లో మాకూ అదే చెప్పారు.

అవి ఎనభైల తొలి రోజులు. ధర్మవరంలో ప్రాథమిక పాఠశాలలో కొత్తగా పంతులమ్మనై, పట్టుచీరలు నేసే మా చిన్నమ్మ ఇంట్లోనే ఉండేదాన్ని. కంబదూరు పక్క పల్లెలో నాయనకున్న మెట్టచేను, సరిగ్గా వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేయడంతో, వరుసగా రెండేళ్లు పశువుల మేతకే సరిపోయింది. ఇంటికి నా జీతమే ఆధారం. అటువంటి రోజుల్లో ఇస్త్రీ నలగని చొక్కాతో ఒకాయన మా బడికి వచ్చి, సభ్యత్వం తీసుకొని నలుగురిని చేర్పిస్తే నెలనెలా వాటా వస్తుందనీ, ఆ నలుగురి కింద చేరేవాళ్లు పెరిగే కొద్దీ అదీ పెరుగుతుందనీ, పైగా కుట్టుమిషను కూడా ఇస్తామనీ చెప్పాడు. పంతులమ్మ మాటంటే ఊళ్లో గురి కదా అన్నాడు. ఆ పొగడ్తకే నేను పడిపోయాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

చిన్నమ్మను చేర్పించాను. ఆమె ఒక చీర కూలి మొత్తం తెచ్చి, ఏమిటని కూడా అడగకుండా నా చేతిలో పెట్టింది. నా దగ్గర చదివే పిల్లల తల్లులను మరో ముగ్గురిని చేర్పించాను. ప్రతి కాగితం మీదా ‘చేర్పించినవారు’ అన్న చోట, పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద చేసినంత శ్రద్ధగా, నా పేరు రాసి సంతకం పెట్టాను. మొదటి నెల వాటా వస్తే రసీదు మీద కూడా సంతకం పెట్టి, ఆ డబ్బుతో నాయనకు కొత్త పంచె కొన్నాను.

మూడో నెల కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. మోసపోయామని ఫిర్యాదు ఇద్దామని అందరి కంటే ముందు స్టేషనుకు పరుగెత్తింది నేనే. అక్కడి ఎస్సై నా కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, ఇటువంటి గొలుసు పథకాలను నిషేధిస్తూ కొన్నేళ్ల కిందటే చట్టం వచ్చిందనీ, నడపడమే కాదు, చేరడమూ చేర్పించడమూ కూడా నేరమేననీ చెప్పాడు. ఫిర్యాదు చేయడానికి పోయిన నేను ముద్దాయినై బయటికి వచ్చాను. బడి నుంచి సస్పెండు చేశారు. నాయనకు తెలిసిన సాయిబు వకీలు కాగితాలు చూసి తల పట్టుకున్నాడు.

“మోసపోయినానని నువ్వు అంటాండావు. చేర్పించినానని నీ సంతకమే చెప్తాండాది. కోర్టు దేన్ని నమ్మల్ల తల్లీ?”

ఊళ్లో నాలా నష్టపోయినవాళ్లు ఎందరో ఉన్నా ఒక్కరూ నోరు విప్పలేదు. చిన్నమ్మ వంటి ఏ ఒకరిద్దరో తప్ప, ప్రతివాళ్లూ ఎవరో ఒకరిని చేర్పించినవాళ్లే. విప్పితే తామూ బోనెక్కాలి. ఆ పథకం బలమంతా అక్కడే ఉందని నాకు అప్పుడర్థమైంది. అసలు మనిషి మాత్రం చివరిదాకా దొరకలేదు.

చేరడమే తప్ప ఎవరినీ చేర్పించని చిన్నమ్మను పోలీసులు ముద్దాయిని చేయకుండా సాక్షిగా పిలిచారు. ఎవరు చేర్పించారో గుర్తు లేదంటే చాలని వీధిలో అందరూ ఆమెకు చెప్పి పంపారు. బోనులో నిలబడి ఆమె నా వైపే చూసింది.

“అబద్ధం నా నోట్లో రాదు సామీ. మా బిడ్డే చేర్పిచ్చింది. నా మేలు కోరే చేర్పిచ్చింది.”

మొదటి మాటకు నేను దోషినయ్యాను. రెండో మాట విన్నందుకే కాబోలు, న్యాయమూర్తి జైలు లేకుండా జరిమానాతో వదిలారు. శాఖ మాత్రం ఇంక్రిమెంట్లు ఆపి, పెనుకొండ అవతల ఒక పల్లెకు బదిలీ చేసింది. నాయన ఆ పంచె మళ్లీ కట్టలేదు.

చిన్నమ్మ పోగొట్టుకున్న కూలిని ఎన్నడూ అడగలేదు. సెలవుల్లోనన్నా వచ్చి పో అని కబురు పంపుతూనే ఉండేది. ఆమె మీద నాకు రవ్వంత కోపం లేదు, కానీ నాయన దగ్గరికి ధర్మవరం మీదుగా పోయేటప్పుడు ఆ వీధి మొహం చూడలేక చుట్టూ తిరిగి రైల్వే స్టేషను దారిన పోయేదాన్ని. అలా పోతూ ఉండగానే ఆమె కన్నుమూసింది.

ఇప్పటి పిల్లలకు పైన చేర్పించినవాళ్లెవరో, కింద చేరినవాళ్లెవరో మొహాలే తెలియవట. నష్టం వస్తే ఫోనులోని గుంపులోంచి తప్పుకుంటే సరిపోతుందట. చట్టం అలాగే ఉంది, తెర మీద వేలు తాకిస్తే చాలన్నాక సంతకమే వేలిముద్ర కంటే తేలికైపోయింది. మాకు కనీసం, సిగ్గుపడి తప్పించుకు తిరగడానికి ఒక వీధి ఉండేది. ఆ వీధిలో, వస్తానేమోనని చూసే మనిషి ఉండేది.