రెండు దొడ్లు తగిలిన చోటు

చూడడం నేర్పేది చదువా, అలవాటా? మారక్క గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకుంటాను.

మారక్కది గురుబరపల్లి. నలభై ఏళ్లు గొర్రెలు మేపింది. మోకాళ్లు మొరాయించాక మందను తమ్ముడికి వదిలి, హోసూరులో నేను లైబ్రేరియన్‌గా ఉన్న కాలేజీలో ఊడ్చే పనికి చేరింది. ఫిజిక్సు చెప్పే వినుత తన పటాలను లైబ్రరీలోని పెద్ద బల్ల మీదే పరిచేది. అవి నక్షత్రాల మధ్య ఉండే ధూళి పటాలు, కంటికి ఆనని వెలుతురులో తీసినవి. మహా నక్షత్రం ఒకటి తన చుట్టూ ఉన్న ధూళిని వెలుపలికి తోసేస్తే బుడగలాంటి వలయం ఏర్పడుతుంది. దాని అంచున పోగుపడ్డ ధూళిలో కొత్త చుక్కలు పుడతాయి. అంచులో ఎక్కడ? వినుత మూడేళ్లుగా వెతుకుతున్నది అదే. పెద్ద టెలిస్కోపువాళ్లు ఒకే ఒక్క చోటు చూసి పెడతామన్నారు. అక్కడ ఏమీ లేకపోతే ఆ పని అంతటితో మూత.

ఏ చోటు రాసి పంపాలని వినుత అడిగితే, విద్యార్థులంతా బాగా మెరిసే అంచునే చూపించారు. బల్ల తుడుస్తున్న మారక్క చెయ్యి ఆగింది.

"ఆడ కాదమ్మా, ఈడ," అంటూ రెండు వలయాలు ఒరుసుకున్న నల్లటి మచ్చ మీద వేలు పెట్టింది.

ఆ విద్యార్థుల్లో ఒకడైన ముఖేశ్ నవ్వాడు. "ఏం మారక్కా, ఆకాశంలో కూడా మంద తోలినావా?"

"నువ్వు యాడా తోలలేదు కదప్పా, నీకెట్ల తెలుస్తుంది. రాత్రికి చేన్లో మందకు తడికెల దొడ్డి కడతాము. మర్నాడు దాన్ని పక్కకు జరుపుతాము. రెండు దొడ్లు తగిలిన చోట పెంట రెండు తూర్లు పడుతుంది. రాగి పైరు ఆడనే ఒత్తుగా లేస్తుంది."

"అక్కడంతా చీకటిగా ఉంది కదా మారక్కా," అంది వినుత.

"మొలిచేది మట్టి కిందనే కదమ్మా."

వినుత ఆ వారమంతా లెక్కలు చూసుకుంది. రెండు వైపుల నుంచీ నెట్టుకొచ్చిన ధూళి అక్కడే దట్టంగా ఉందని తేలింది. భయపడుతూనే ఆ చోటు రాసి పంపింది.

ఎనిమిది నెలలకు ఫలితం వచ్చింది. నల్ల మచ్చ లోపల పదిహేడు పసి నక్షత్రాలు. కొత్త పటం పరిచి వినుత వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టింది, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ముఖేశ్ తానే వెళ్లి మారక్కను పిలుచుకొచ్చి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. పటం మీదికి వంగి చూసింది.

"పంట బాగుంది," అంది.

"చోటు గుర్తించినది మారక్క, గురుబరపల్లి" అని తన పరిశోధన పత్రంలో చేర్చబోయే వాక్యాన్ని వినుత పైకి చదివింది. నిశ్శబ్దం పాటించమనే బోర్డు కిందే అందరం చప్పట్లు కొట్టాం. అవి ఆగేసరికి మారక్క అక్కడ లేదు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రోజూ తన ఊరికి పోయే కృష్ణగిరి బస్సు ఎక్కుతోంది.