కడగకూడని గుడ్డ

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ గాజక్క అంటారు. పదకొండేళ్లుగా గాజు సామాను కడుగుతున్న మనిషి. ఏది కడగాలో ఎవరైనా చెబుతారు, ఏది కడగకూడదో ఆమెకే తెలుసు.

కడగకూడనివి కిటికీ పక్కనున్న ఆరు సీసాలు. వాటిలో మురుగునీరు, ఆ నీటిలో వేలాడే నల్లటి కార్బన్ గుడ్డలు. మురుగు తిని బతికే బ్యాక్టీరియా ఆ గుడ్డను అంటిపెట్టుకుంటే కరెంటు పుడుతుంది. ఉత్త గుడ్డ మీద అవి నిలిచేవి కావు. పరిశోధన చేసే అమ్మాయి రెండేళ్లు తల బద్దలు కొట్టుకుని గుడ్డకో పూత కనిపెట్టింది. దాంతో అవి కుదురుగా కాపురం పెట్టాయి. నలభై రోజులకు మీగడలా పొర కట్టింది, మీటరు ముల్లు లేచింది. ఆ నలభై రోజులూ సెలవన్నది లేకుండా వాటికి మేత పెట్టింది గాజక్కే. ఎవరూ ముట్టుకోవద్దని సీసాల మెడకు ఎర్రదారం కట్టిందీ ఆమే.

ఏడాదికోసారి కూడా అటు తొంగిచూడని విభాగాధిపతి పోయిన వారం వచ్చి ముక్కు మూసుకున్నాడు. "ఏమిటీ బంక? తనిఖీవాళ్ల ముందు నా పరువు తీస్తారా?"

తనిఖీ రోజు పొద్దున గాజక్క వచ్చేసరికి మీటర్లన్నీ సున్నా. గుడ్డలు సబ్బు వాసన కొడుతున్నాయి. ఎర్రదారాలు చెత్తబుట్టలో ఉన్నాయి.

"ఎవరమ్మా ఈ పని చేసింది?"

"తెలీదక్కా. నేనొచ్చేసరికే ఇలా ఉంది. పైకెళ్లి సార్‌కి చెప్పాను," అంటూ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది.

గాజక్కకు ఒళ్లు మండిపోయింది. "వాడి చేతులు పడిపోను! కడుపు నింపి పెంచినవన్నీ తూములో పోశాడు కదే!"

అంతలో విభాగాధిపతి ఇస్త్రీ చొక్కాలో దిగాడు. చేతిలో కాగితం.

"నీ నిర్లక్ష్యం వల్ల ప్రయోగం పాడైందని రాశాను. సంతకం పెట్టు. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

"నేను కడగలేదు సార్."

"ఇక్కడ కడిగేది నువ్వు కాక ఇంకెవరు?"

అంత చదువు చదివినవాడికి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! గాజక్క కాగితం లాక్కుంది. సంతకం చెయ్యాల్సిన చోటుకు పక్కనే నల్లటి వేలిముద్ర. కార్బన్ మసి ఒకసారి అంటిందంటే రెండు రోజులు సబ్బుకు లొంగదు, ముట్టుకున్నదానికల్లా అంటుతుంది. అందుకే ఆమె చేతితొడుగు లేకుండా ఆ గుడ్డల్ని ఏనాడూ ముట్టుకోలేదు.

ఆమె తన రెండు చేతులూ అతని మొహం ముందు చాపింది. గోళ్ల సందుల్లో కూడా మరక లేదు.

"దీని మీద సంతకం ముందే పడింది సార్. మీ బొటనవేలు చూసుకోండి."

అతని కుడిచెయ్యి గబుక్కున జేబులోకి పోయింది. సరిగ్గా అప్పుడే తనిఖీవాళ్లు లోపలికి వచ్చారు. వాళ్లలో పెద్దాయన నవ్వుతూ విభాగాధిపతి వైపు చెయ్యి చాచాడు.

జేబులోని చెయ్యి బయటికి రాలేదు. చాచిన ఆ చేతిలో గాజక్క కాగితం పెట్టింది.