పన్నెండు చుక్కల ఝూమర్

రెజిమెంటల్ బజార్‌లో పాత ఇత్తడి సామాన్ల దుకాణాలు అయిపోయే చోట ఒక రేకుల కప్పు, దాని కింద ఒక కొలిమి, దాగలి, గోడకు ఆనించిన నాలుగు విరిగిన లాంతర్లు ఉండేవి. అదే పర్వతాలు కార్ఖానా. బోర్డు లేదు. ఎవరైనా అడిగితే, "బోర్డెందుకు సార్, పొద్దుగాల్ల నుంచి టంగుటంగుమని మోగుతనే ఉంటది గద, చెవులున్నోనికి చాలదా?" అనేవాడు.

ఆ బజారున్న లష్కర్ ప్రాంతంలో దొరల దండు కాలపు కట్టడాలు ఎన్ని మిగిలాయో ఏ ఆఫీసు జాబితాలోనూ సరిగా ఉండదు. పర్వతాలును అడిగితే చెప్పేవాడు. ఏ క్లబ్బు గేటు లాంతరుకు అద్దం పగిలిందో, ఏ బంగళా మెట్ల కటకటాల్లో ఇనుప పువ్వు ఊడిందో, ఏ గోపురం తలుపు బందుకు తుప్పు పట్టిందో ఆయనకు తెలుసు. తాత, తండ్రి, తను. మూడు తరాల కంచరి చేతులు వాటి మీద తిరిగాయి. ఆ కట్టడాల గోడలకు బిగించిన పలకల మీద మాత్రం ఈ చేతుల ఊసు వెతికినా దొరకదు. కట్టించినవాడి పేరు ఉంటుంది, రిబ్బను కత్తిరించినవాడి పేరు ఉంటుంది. నిలబెట్టినవాడి పేరు ఎవరికి కావాలి?

ఆయన ప్రాణమంతా ఒక రాతి చర్చిలోని ఝూమర్ మీద ఉండేది. చర్చి నడిమధ్య, పైకప్పు దూలం నుంచి గొలుసుతో వేలాడే పెద్ద ఇత్తడి దీపం. మధ్యలో గుమ్మడికాయంత గుండు, దాని చుట్టూ పన్నెండు చేతులు, ఒక్కో చేతి కొసన ఒక దీపం. మొదట నూనెతో వెలిగేది. తర్వాత చేతుల బోలులోంచి తీగలు లాగి కరెంటు పెట్టారు. ఏడెనిమిదేళ్లకోసారి దాన్ని కిందికి దింపి, విప్పి, తోమి, తీగలు మార్చి మళ్లీ ఎక్కించడం పర్వతాలు ఇంటి పని.

ఆ విప్పడంలోనే ఉంది కిటుకంతా. మిషన్లు రాకముందు చేసిన వస్తువు అది. ఒక్కో చేతి మొదట్లో మరచుట్లు చేత్తో కోసినవి, కనుక ఏ చెయ్యి ఆ రంధ్రంలోనే కూచుంటుంది, పక్కదాంట్లో కూచోదు. అందుకే చేసినవాడు ప్రతి చేతి మొదట్లో ఉలితో చిన్న చిన్న చుక్కలు కొట్టాడు. మొదటి చేతికి ఒకటి, రెండోదానికి రెండు, అట్లా పన్నెండు దాకా. గుండు మీద ఒక్కో రంధ్రం పక్కన కూడా అవే చుక్కలు. కంటికి సరిగా ఆనవు. బొటనవేలికి తెలుస్తాయి.

పర్వతాలు కొత్తగా పనిలోకి దిగిన రోజుల్లో తండ్రి ఝూమర్ దింపి, కొడుకు కళ్లకు తువ్వాలు కట్టి, ఒక చెయ్యి తీసి ఒళ్లో పెట్టేవాడట.

"ఎన్నో చెయ్యిరా?"

తప్పు చెప్తే ఛాయ్ లేదు. వారం రోజులు ఛాయ్ లేకుండా గడిచాక వేలికి చూపొచ్చింది. పన్నెండో చేతి మీద ఆఖరి చుక్క కొంచెం పక్కకు జరిగి ఉండేది. దాన్ని తడిమినప్పుడల్లా తండ్రి నవ్వేవాడు. "ఇది కొట్టినోడు దొర గాదు బిడ్డా. దొర చేతుల్ల ఉలి ఉంటదా? మనసోంటోడే ఎవడో ఆ దొరల దేశంల సుత ఉన్నడు. పొద్దుమీకె, చెయ్యి జారె."

చర్చికి నూటయాభై ఏళ్లు నిండబోతున్నాయనగా విరాళాలు వచ్చాయి, కమిటీ కూచుంది, మరమ్మతులకు టెండరు పిలిచారు. పురాతన కట్టడాలలో పదేళ్ల అనుభవం ఉండాలి, అందుకు రుజువు కావాలి, రిజిస్టరైన సంస్థ అయి ఉండాలి. రాంగోపాల్‌పేట్‌లో ఆఫీసున్న పద్మనాభం అనే కాంట్రాక్టరుకు పని దక్కింది. అతని ఫైలులో అనుభవం కింద అతికించిన ఫొటోలు ఎనిమిది. ఎనిమిదీ పర్వతాలు బాగుచేసిన లాంతర్లే. ఒక ఫొటోలో మూలన పర్వతాలు మోచెయ్యి కూడా పడింది.

"ఏందన్నా ఇది, నా పనులన్నీ నీ ఫైల్ల ఉన్నయ్?" అని పర్వతాలు అడిగాడు.

"నువ్వు లేకుంటే ఈ పని కాదని నాకు తెల్వదా? అందుకే గద నిన్ను పెట్టుకుంటున్న. కానీ వాళ్లు సర్టిఫికెట్ అడిగిన్రు. నీకుందా?"

"మా నాయిన నేర్పిన చేతులున్నయ్."

"అవి జిరాక్స్ తియ్యరాదు గద!" పద్మనాభం భుజం తట్టి నవ్వాడు. పర్వతాలు కూడా నవ్వాడు. ఇంకేం చేస్తాడు?

ఝూమర్ దింపిన రోజు పద్మనాభం దారాలు కట్టిన అట్టముక్కల కట్ట ఒకటి ఇచ్చాడు. "ఒక్కో పార్టుకు ఒక్కో ట్యాగ్ కట్టు. నంబరెయ్యి. సిస్టమ్ ఉండాలె."

పర్వతాలు ఆ కట్టను జేబులో వేసుకున్నాడు. కట్టలేదు. నూటయాభై ఏళ్లుగా ఒంటి మీద నంబరు మోస్తున్న ఇత్తడికి అట్టముక్క కట్టడమేమిటి? ఇంటికి తీసుకుపోయి భార్య శ్యామలమ్మకిచ్చాడు. ఆమె వాటిని ఊరగాయ జాడీల మెడలకు కట్టి, ఏది మామిడో ఏది నిమ్మో పక్కింటి కాలేజీ పిల్లతో రాయించుకుంది. "పద్మనాభం సిస్టమ్ మనింటికొచ్చింది" అని ఇద్దరూ నవ్వుకున్నారు.

పన్నెండు చేతులూ విప్పి, చర్చి పక్కగదిలో బట్ట పరిచి వరుసగా పడుకోబెట్టాడు. చింతపండు పులుసు, ఇటుకపొడి, మెత్తటి గుడ్డ. చుక్కలున్న చోట మరీ మెల్లగా, పసిపాప చెవి తుడిచినట్టు తుడవాలి. మూడు చేతులు పూర్తయ్యేసరికి పద్మనాభం వచ్చాడు.

"రెండు దినాలు సైనిక్‌పురి పోవాలె. కమిటీల పెద్దసారు ఇంట్ల తోట లాంతర్లు ఖరాబైనయట. పైసలడగకుండ మర్యాదకు చేసి పెట్టాలె."

"ఈడ పని నడుస్తుంది గద అన్నా."

"అది యాడికి పోతది? నూటయాభై ఏండ్ల సంది ఈడనే ఉంది."

పర్వతాలు వెళ్లాడు. మర్యాదకు పని చేయాల్సింది ఎప్పుడూ లేనివాడే, ఉన్నవాడి ఇంట్లోనే. రెండు రోజులు తోట లాంతర్లకు కొత్త కీళ్లు వేసి, మూడోరోజు పొద్దున చర్చికి వచ్చేసరికి చర్చి కార్యదర్శి దేవానందం మాస్టారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. బడిపంతులుగా రిటైరైన మనిషి. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"రావయ్యా పర్వతాలూ, చూడు! అద్దంలో చూసుకున్నట్టు ముఖం కనపడుతోంది."

పక్కగదిలో బట్ట మీద పన్నెండు చేతులూ, గుండూ ధగధగలాడుతున్నాయి. పద్మనాభం మనుషులు వాటిని ఆసిడ్‌లో ముంచి, నునుపుపెట్టే బఫింగ్ మిషన్ మీద తిప్పి తెచ్చారు. చేతులన్నీ ఒక కుప్పగా ఉన్నాయి.

పర్వతాలు చెప్పులు విడిచి, కూచుని, ఒక చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు. బొటనవేలు దానంతటదే మొదటికి పోయింది. నున్నగా ఉంది. తిప్పి చూశాడు. నున్నగానే ఉంది. దాన్ని కింద పెట్టి ఇంకోటి తీశాడు. పన్నెండూ తడిమాడు. గుండు చుట్టూ తడిమాడు. పక్కకు జరిగిన ఆ ఒక్క చుక్క కోసం మళ్లీ మొదటి నుంచి వెతికాడు.

"ఏమైందయ్యా?" మాస్టారు వంగి అడిగారు.

"చుక్కల్లేవు సార్."

"ఏ చుక్కలు?"

పర్వతాలు ఒక రంధ్రం పక్కన వేలు పెట్టి, ఏ చెయ్యి ఎక్కడిదో చెప్పే చుక్కల సంగతి చెప్పాడు. అప్పుడే వచ్చిన పద్మనాభానికి సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అయ్యాక గొంతు పెంచాడు.

"ట్యాగులిచ్చిన గద! ఎందుకు కట్టలే? మాస్టారూ, మీరే చెప్పుండ్రి, నంబరెయ్యమని ఇచ్చిన్నా లేదా?"

ఇచ్చాడు. అది నిజం. చెప్పాపెట్టకుండా మిషన్‌కు పంపినవాడి తప్పు తప్పు కాకుండా పోయింది. అట్టముక్క కట్టనివాడిది తప్పయింది. రుజువులన్నీ కాగితం మీదే ఉండాలనే లోకంలో, వేలికొసన చదువున్నవాడికి జరిగే న్యాయం ఇదే. పర్వతాలుకు మాత్రం ఊరగాయ జాడీలు కళ్లముందు కనిపిస్తున్నాయి.

ఆదివారం నూటయాభై ఏళ్ల ఆరాధన. మధ్యలో మూడు రోజులున్నాయి. ఒక్కో చేతిని ఒక్కో రంధ్రంలో పెట్టి చూడటం మొదలుపెట్టాడు. మరచుట్లు కలిసినప్పుడు చేతికి ఒక మెత్తదనం తగులుతుంది. మిషన్ ఆ మరల అంచులు కూడా కొంత తినేసింది. కొన్ని చేతులు రెండు మూడు రంధ్రాల్లో వదులుగా కూచున్నాయి, కొన్ని ఎందులోనూ కూచోలేదు. శుక్రవారం సాయంత్రానికి నాలుగు చేతులు ఖాయమయ్యాయి. నాలుగోది గట్టిగా అదే అని చెప్పలేడు.

"పది దినాలియ్యిండ్రి సార్," అని మాస్టారు చేతులు పట్టుకున్నాడు. "దొరకవడతా. ఈ ఆదివారం ఏదన్న చిన్న దీపం పెట్టుకోండ్రి."

మాస్టారి కళ్లు చెమర్చాయి. "మీ నాన్న నిచ్చెనెక్కడం నేను చూశానయ్యా. నాకు తెలియదా? కానీ ఆహ్వాన పత్రికలు అచ్చయిపోయాయి. పెద్దలొస్తున్నారు. కమిటీలో నా ఒక్కడి మాట చెల్లదు." మెల్లగా అన్నారు. "కిందినుంచి చూసేవాళ్లకు ఏ చెయ్యి ఎక్కడుందో తెలుస్తుందా, చెప్పు?"

నిజమే, తెలియదు.

"వెల్డింగ్ పెట్టు," అన్నాడు పద్మనాభం. "గ్యాస్ నేనే తెప్పిస్త."

"వెల్డింగ్ పెడితే ఇగ ఇప్పరాదు అన్నా. ఎవ్వనికీ రాదు."

"ఎవడిప్పుతడు? నువ్వు పెట్టకుంటే మౌలాలి నుంచి ఇనుప గేట్లు చేసేటోణ్ని పిలుస్త. గంటల అతికిస్తడు."

ఇనుప గేట్లు చేసేవాడి మంట ఎట్లా ఉంటుందో పర్వతాలుకు తెలుసు. ఇత్తడి చిల్లులు పడుతుంది. రెండు దారులూ చెడ్డవే. శనివారం పొద్దున తనే మంట పట్టుకున్నాడు. లోపలి తీగలు ముందే లాగేసి, వాటికి సెగ తగలకుండా మంట సన్నగా పెట్టి, పన్నెండు అతుకులూ ఎంత శుభ్రంగా వేయగలడో అంత శుభ్రంగా వేశాడు. ఎంత శుభ్రంగా వేస్తే అంత గట్టిగా తలుపు మూసినట్టే. మాస్టారు కాసేపు నిలబడి చూసి, చూడలేక వెళ్లిపోయారు.

ఇంటికొస్తే శ్యామలమ్మ సంగతంతా విని, "నీ చేతుల్తోనే ఎట్ల పెట్టినవయ్యా?" అంది.

"వేరేటోని చేతుల్తోని పెట్టిస్తే మంచిగుండెనా?"

తెల్లారి చూస్తే జాడీల మెడలకు ట్యాగులు లేవు.

ఆదివారం ఝూమర్ ధగధగా వెలిగింది. జనం తలలెత్తి చూసి ఆహా అన్నారు. గుమ్మం పక్క కొత్త పాలరాతి పలక మీద పద్మనాభం సంస్థ పేరు ఉంది. గంట తాడు వేలాడే చోట నిలబడి పర్వతాలు ఝూమర్‌నే చూశాడు. అటువైపు ఒక చెయ్యి వేలెడంత కిందికి వాలి ఉంది. ఆయనకు తప్ప ఇంకెవరికీ కనపడలేదు.

ఏడాది తిరగకుండానే ఒక దీపం ఆరిపోయింది. బల్బు మార్చారు, వెలగలేదు. పద్మనాభం ఫోనెత్తలేదు. మాస్టారే రెజిమెంటల్ బజార్‌కు నడిచొచ్చారు.

"ఒక్కసారి వచ్చి చూడవయ్యా. లోపల తీగ కాలినట్టుంది."

పర్వతాలు నిచ్చెనెక్కాడు. తీగ మార్చాలంటే చెయ్యి విప్పాలి. మొదట్లో ఉన్న వంపు అటువంటిది, పాత తీగ ఇటు రాదు, కొత్తది అటు పోదు. తన అతుకు మీద బొటనవేలు పెట్టి ఒకసారి చుట్టూ తిప్పాడు. మంచి అతుకు. ఎక్కడా పగుల్లేదు.

"చెయ్యొచ్చా?" కిందినుంచి మాస్టారు.

"ఇది ఇగ వెలగది సార్."

"మిగతావైనా చూసుకోవాలిగా. నేను పుస్తకంలో రాసి పెట్టుకుంటాను. అది ఎన్నో చెయ్యి?"

పర్వతాలు వేలు తీయలేదు. అతుకు పక్కన చుక్కలుండే చోట తడిమాడు. నున్నగానే ఉంది.

"తెల్వది సార్," అన్నాడు.