సెలవని చెప్పి ఇంటికి పంపిన పిల్లలు

గల్ఫ్‌లో, షార్జా కిందికొచ్చే కల్బాలో మా బడి నడిచిన విల్లా ఖాళీ అయిన కొన్నాళ్ళకి, దాని ఎదుటి కిరాణా కొట్టాయన నన్ను ఆపాడు. కడప జిల్లా మనిషి. ఏళ్ళ తరబడి మా పిల్లలకి పెన్సిళ్ళూ చిప్స్ పొట్లాలూ అమ్మినవాడు.

"మేడం, మద్యాన్నం పూట మిద్దె మింద పిల్లోళ్ళ సద్దు ఇనపడతాంది. నేనొక్కణ్ణే గాదు, లాండ్రీ ఆయన గూడా ఇన్యాడు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. దెయ్యాలు లేవని వాదించే ఇంట్లో పెరిగినదాన్ని. మా నాన్న పొద్దున కాఫీ దగ్గర ఒక మాట అంటే సాయంత్రంలోపు దానికి రుజువు చూపించాలి, లేకపోతే మా అమ్మ ఊరుకునేది కాదు. కాలేజీ రోజుల్లో సంస్కరణ చర్చావేదికలెక్కి, ముహూర్తాల మీదా తాయెత్తుల మీదా గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాను. అందుకని ఆ పట్టపగలే కాపలాదారు దగ్గర తాళంచెవి తీసుకుని పైకెక్కాను. మేడ మీద మేం వేసుకున్న షెడ్డులో ఒక రేకుకి మేకు ఊడింది. సముద్రపు గాలికి లేచి పడుతోంది. కిందికొచ్చి ఆయనకి అదే చెప్పాను.

"సరే మేడం, రేకేలే. మీరు చెప్పినాక గూడా పిల్లోళ్ళ మాదిరే ఇనపడతాంటే ఏం జేద్దాం?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. నాకు వినిపించేది వేరే ఉంది. దానికీ ఆ రేకుకీ సంబంధం లేదు. అదే షెడ్డులో ఒక మధ్యాహ్నం, రేపు మీకు సెలవని చెప్పగానే పిల్లలు పెట్టిన కేరింత. మేకు కొడితే ఆగేది కాదు అది.

అది రెండువేల అయిదో ఆరో. మా ఆయనకి ఖోర్ ఫక్కాన్ ఓడరేవులో ఉద్యోగం. నేను కల్బాలోని ఈ బడిలో సోషల్ చెప్పేదాన్ని. పేరుకి ప్రైవేటు బడే గాని దానికి యజమాని లేడు. తల్లిదండ్రులే ఒక కమిటీ ఎన్నుకుని నడిపించేవారు. కట్టడం మేస్త్రీలు, కొట్లలో పనిచేసేవాళ్ళు, దర్జీలు, నర్సులు. లైసెన్సు ఒక స్థానికుడి పేరు మీద ఉండేది. ఆ కఫీల్, అంటే మా పూచీదారు, పెద్దమనిషి. పండక్కి ఖర్జూరం పంపి ఊరుకునేవాడు. పెద్ద బడులు పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరుకుంటాయి. మా బడి ఏరుకోలేదు. ఏడాది నడిమధ్యలో ఊరి నుంచి వచ్చిన పిల్లా, ఇంగ్లీషు ముక్క రాని పిల్లాడూ, నాన్న ఉద్యోగం మారి సగం ఏడాది పోగొట్టుకున్నవాడూ, గుమ్మం దాకా వస్తే చాలు, బెంచీ మీద జరిగి చోటిచ్చేవాళ్ళు. చివరికి బెంచీలు చాలక ఏడూ ఎనిమిదీ తరగతుల్ని మేడమీది రేకుల షెడ్డులోకి ఎక్కించాం. ఎండాకాలం అక్కడ కూలర్ కూడా వేడిగాలే కొట్టేది. అయినా ఖాళీ ఉండేది కాదు.

నేను ఎక్కడ అవకాశం దొరికినా ఈ బడి తరఫున మాట్లాడేదాన్ని. జనం నడిపే బడిని జనం నడుపుకోనివ్వండి, బదులుగా రోజూ వచ్చి తనిఖీ చేసుకోండి, పిల్లలకి చదువు రాకపోతే అప్పుడు మూయండి. ఇంతే నా వాదం. స్వేచ్ఛ అడిగేవాడు తలుపులు తెరిచి చూపించాలి. దాచుకుంటూ స్వేచ్ఛ అడగడం కుదరదు.

ఆ దాచుకోవడం దగ్గరే వచ్చింది చిక్కు.

ఇక్కడ బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. అప్పట్లో మావాళ్ళలో చాలామంది ఒక ఫ్లాట్‌ని ప్లైవుడ్ అడ్డుగోడలతో రెండు మూడు కుటుంబాలు పంచుకునేవారు. అక్కడి చట్టం దాన్ని ఒప్పదు. బల్దియా వాళ్ళు, అంటే మునిసిపాలిటీ వాళ్ళు, తనిఖీకి వస్తున్నారని కబురందితే ఒక్క కుటుంబం మిగిలి, తతిమ్మావాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగేవారు. చెప్పులు కూడా గుమ్మంలో కనబడకుండా సంచిలో వేసుకునేవారు. పార్కులో కాసేపు కూర్చుని మళ్ళీ పైకి. ఎంత అలవాటంటే, పలక పట్టే వయసు పిల్లలకి కూడా ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలుసు.

మా బడికి విద్యా కార్యాలయం నుంచి పరిశీలకుడు వస్తున్నాడని తెలిసింది. విల్లాల్లో నడిచే బడులన్నిటినీ చూసి, ఏది ఉంచాలో ఏది మూయాలో తేలుస్తారట. శుక్రవారం నమాజు అయ్యాక కమిటీ కూర్చుంది. టీచర్ల తరఫున నాకూ అందులో చోటుంది. అధ్యక్షుడు కరీంనగర్ వైపాయన, ఒక కట్టడం కంపెనీలో ఫోర్‌మన్. ఆయన కొడుకు కూడా మేడమీదే చదువుతున్నాడు.

"గిదేం కొత్తనా? బల్దియోళ్ళు అస్తె మన రూములల్ల ఏం జేస్తం? గదే జేద్దాం. మీదున్న పోరగాండ్లకు ఒక్క దినం సెలవిద్దాం, షెడ్డుల బెంచీలు తీసేద్దాం. ఆఫీసరు పోంగనే యల్లా, నడువుండ్రని మల్ల అందరు లోపటికే" అన్నాడు.

"రూము వేరు, బడి వేరండీ" అన్నాను. "రూములో తక్కువమంది కనబడితే మంచిది. బడిలో తక్కువమంది కనబడితే, ఈ కాస్త మందికి బడెందుకని అడుగుతాడు."

"ఎక్కువ కనవడితె జాగకు మించి పెట్టిన్రని బంద్ వెట్టుమంటడు గద టీచరమ్మా!"

"అననివ్వండి. అప్పుడు అడుగుదాం, వీళ్ళందరూ ఎక్కడికి పోవాలని. అలా అడగడానికి పిల్లలు ఆయన కళ్ళ ముందు ఉండాలి కదా."

వెనక నుంచి ఒక గోదావరి గొంతు, "మేడంగారికి కోర్టు దొరకలేదండీ, మన మీటింగునే కోర్టు చేసేస్తన్నారు" అంది. అందరూ నవ్వారు. ఆయనే నవ్వు ఆపి, "మీకేవండీ, పిల్లల్లేరు. భయం ఎలా తెలుస్తది?" అన్నాడు.

నేను, "నాకు పిల్లల్లేరు. మేడమీద ఉన్నవాళ్ళని చూసి మాట్లాడుతున్నాను" అని మాత్రం అన్నాను.

చేతులెత్తి తేల్చుకునే పద్ధతి ఆ కమిటీలో నేనే పట్టుబట్టి పెట్టించాను. చేతులు లేచాయి. నా వైపు లేచినవి చాలా తక్కువ. నా పక్కన కూర్చున్న నర్సు అధ్యక్షుడి వైపు చెయ్యెత్తింది.

ఆవిడ బాపట్ల వైపు క్రైస్తవురాలు, కల్బాలో ఒక చిన్న ఆస్పత్రిలో పని. భర్త వ్యాను నడుపుతూ కొట్లకి సరుకు వేసేవాడు. ఒక్కతే కూతురు, ఎనిమిదో తరగతి. ఆ పిల్ల నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. అక్బరు గురించి చెబుతుంటే ఆయనకి పంటినొప్పి వస్తే ఎవరు పీకేవారని అడిగేది. ఆవిడ చెయ్యెత్తడం చూసి నేను తిరిగి చూస్తే, "తప్పుగా అనుకోకండి మేడంగారూ. బడి మూస్తే దాన్ని ఊళ్ళో హాస్టల్లో వెయ్యాలి. దాన్ని వదిలి నేనుండలేనండీ" అంది మెల్లగా. బడి పోతుందన్న ఏ భయంతో నేను అటు చెయ్యెత్తలేదో అదే భయంతో ఆవిడ ఎత్తింది.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి పీరియడు నాదే. సెలవు సంగతి చెప్పాల్సిన పని నా మీదే పడింది. చెప్పగానే ఆ కేరింత. బెంచీల మీద దరువులు, గాల్లోకి డస్టరు. కాసేపటికి కూలీలు వచ్చి బెంచీలు దించడం మొదలుపెట్టారు. పిల్లలు మెట్ల మీద ఒదిగి నిలబడి తమ బెంచీలు కిందికి పోవడం చూశారు. నర్సు కూతురు నా దగ్గరికొచ్చింది.

"సెలవైతే బెంచీలెందుకు తీస్తున్నారు మేడం?"

"రేపు ఒక పెద్దాయన వస్తున్నాడు."

"అయితే మేముండకూడదా?" అని, నా మొహం చూసి, "ఓ, బల్దియానా!" అంది. వేలు పెదవుల మీద పెట్టుకుని, నవ్వుతూ, చప్పుడు కాకుండా మెట్లు దిగింది. అలా దిగడం ఆ పిల్లకి బాగా వచ్చు.

మర్నాడు పరిశీలకుడు వచ్చాడు. మర్యాదస్థుడు. వెంట ఉర్దూ మాట్లాడే గుమాస్తా. గదులు చూశాడు, పిల్లల పుస్తకాలు తిరగేశాడు, ఒక చిన్నవాడి చేత అరబ్బీ పాఠం చదివించుకుని తల నిమిరాడు. మేడెక్కి ఖాళీ షెడ్డు చూసి ఇదేమిటన్నాడు. సామాను గది అని అధ్యక్షుడు చెప్పాడు. దిగి వచ్చాక గుమాస్తా అడిగాడు, "బస్? ఇత్నే హీ బచ్చే?" అని. ఇంతమందేనా పిల్లలని.

"కుల్లు మౌజూద్ సార్" అన్నాడు అధ్యక్షుడు. అందరూ ఉన్నారని.

నేను ముందుకొచ్చి ఇంగ్లీషులో చెప్పాను, ఇంకా ఉన్నారు, ఇళ్ళ దగ్గర ఉన్నారని. అధ్యక్షుడు పెద్దగా నవ్వి, జ్వరాలొచ్చినవాళ్ళ సంగతి చెబుతోంది మేడం అన్నాడు. పరిశీలకుడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "నేను చూసిందే రాస్తాను" అన్నాడు. చాయ్ తాగి, బడి శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

కమిటీ వాళ్ళు బిర్యానీ తెప్పించారు. నేను తినకుండా ఇంటికి వెళ్ళాను.

ఆ తర్వాత మూడో నెలలో ఉత్తర్వు వచ్చింది. ఈ కొద్దిమంది పిల్లల కోసం విల్లాలో ప్రత్యేకంగా బడి అక్కర్లేదు, ఏడాది చివర మూయాలి, ఆ రోజు చూసిన పిల్లలందరికీ ఫుజైరాలో ఒక బడిలో చోటిస్తారు. ఆ రోజు చూడని పిల్లల గురించి అందులో ఏమీ లేదు. ఉండడానికి వాళ్ళు లేరు కదా.

అప్పుడు అందరూ నా దగ్గరికి వచ్చారు. మేడమీది పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ వెంటబెట్టుకుని ఆ కార్యాలయానికి వెళ్ళాం. అదే పరిశీలకుడు. పిల్లలకి మంచినీళ్ళు ఇప్పించాడు. నాకు తెలిసిన వాదమంతా ఆయన ముందు పెట్టాను. వీళ్ళని ఏ బడీ తీసుకోలేదు కాబట్టే మేం తీసుకున్నాం, మా తప్పుకి మమ్మల్ని శిక్షించండి, బడిని ఉంచండి, కావాలంటే ఏడాదంతా వచ్చి కూర్చోండి అన్నాను. ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు.

"ఆ రోజు వీళ్ళు లేరన్నారు. ఇవాళ ఉన్నారంటున్నారు. నేను ఏ రోజుని నమ్మాలి?" అన్నాడు.

"మీ కళ్ళని నమ్మండి. ఎదురుగా ఉన్నారు."

"ఆ రోజూ నా కళ్ళనే నమ్మాను" అన్నాడాయన. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే నేను తిరగబడేదాన్ని.

అయినా ఆయన చేతనైంది చేశాడు. ఏడో తరగతి వాళ్ళలో కొందరికి చోటు దొరికింది. ఎనిమిదో తరగతి వాళ్ళకి ఖాళీల్లేవు, వచ్చే ఏడాది చూద్దామన్నారు. అధ్యక్షుడి కొడుకు కరీంనగర్ వెళ్ళిపోయాడు. ఆయన నా దగ్గరికొచ్చి, "మంచికే చేసిన టీచరమ్మా. దిష్టి తాకిందేమో మన బడికి" అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా నేను ఊరుకోలేదు. దిష్టి కాదు, మనమే మన పిల్లల్ని లేరని చెప్పాం, దాన్ని దిష్టి మీదకి తోస్తే రేపు ఇంకో బడిలోనూ ఇదే చేస్తాం అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నా మాట సరైందే అంటాను. ఆ మాట అని నేను గెలిచింది మాత్రం ఏమీ లేదు.

నర్సు కూతుర్ని గుంటూరులో ఒక హాస్టల్లో చేర్పించారు. తండ్రి తీసుకెళ్ళి దింపి వచ్చాడు. వెళ్ళేముందు ఆ పిల్ల నా దగ్గరికి రాలేదు. రమ్మని నేనూ కబురు పంపలేదు.

కొన్ని వారాల తర్వాత నాకు జ్వరమొచ్చి ఆవిడ పనిచేసే ఆస్పత్రికి వెళ్ళాను. ఆవిడే వచ్చింది. నన్ను చూసి ఎప్పట్లాగే, "మీకు నమ్మకం లేకపోయినా మీ కోసం ప్రార్థన చేస్తున్నానండీ" అంది. రక్తం తీయడానికి నా చెయ్యి చాపించి రబ్బరు పట్టీ బిగించింది.

"పాప ఎలా ఉంది?" అన్నాను.

"శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తామండీ. వార్డెనమ్మ పక్కనే ఉంటది." సూది గుచ్చి నరం చూసుకుంది. "తిన్నావా అంటే తిన్నానంటది. నిద్ర పడతందా అంటే పడతందంటది. ఇంకేంటమ్మా అంటే ఏం లేదంటది. దాని నోరు మీకు తెలుసు కదండీ."

నేను తలూపాను.

"ఏడవమన్నానండీ మొన్న. ఏడ్చేయ్, నేనేం అనుకోనన్నాను. నేను బానే ఉన్నాను మమ్మీ, నువ్వు డ్యూటీకెళ్ళు అంది. ఏడిస్తే నాకు తెలుస్తది కదా అక్కడ ఎలా ఉందో. ఏడవదు. అన్నీ బాగున్నాయంటది. ఏం దాస్తందో నాకెలా తెలవాలండీ?"

సీసా నిండింది. ఆవిడ పట్టీ విప్పి, దూది పెట్టి, నా మోచెయ్యి మడిచింది. గట్టిగా పట్టుకోమంది. బయట వరసలో ఉన్న వాళ్ళలో తర్వాతి పేరు పిలిచింది.