సెలింగ్ టీచరుకు ఆ పూట నోటికి రాని మాట

మా హోర్డాన్ రేవులో సెలింగక్కంత మొండి మనిషి ఇంకొకరు లేరు. బడిలో ఆవిడ గదీ నా గదీ పక్కపక్కనే, మధ్యలో వెదురు తడిక. ఆవిడ ఇంగ్లీషు పాఠాలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

"కళ్ళారా చూశావా? అయితే ఐ నో అను. మనిషి మీద భరోసాతో చెబుతున్నావా? ఐ బిలీవ్. నీకలా తోస్తోందంతేనా? ఐ థింక్, అది తప్పైనా కావచ్చు. ఊరికే ఊహిస్తే ఐ సపోజ్. అన్నీ కలిపి గంజి కాయకండర్రా!"

ఆ పాఠం ఆవిడ మొగుడు పిడ్యో కూడా వినేవాడు. అవతలి ఒడ్డునున్న ఇలోయిలో పట్నానికి జనాన్ని దాటించే మోటారు పడవ నడిపేవాడతను. ఆఖరి ట్రిప్పు కాగానే వచ్చి కిటికీ బయట నిలబడి, పెళ్ళాం గొంతు వింటూ నవ్వుకునేవాడు.

"ఏం బావా, ఈ ఏడైనా పాసవుతావా?" అని నేనేడిపిస్తే, "మీ అక్క పాస్ చెయ్యాలిగా!" అనేవాడు.

ఒకప్పుడు కొబ్బరి కల్లు బాగా తాగేవాడు. కూతురి బాప్తిజం నాడు మానేశాడు.

ఒక వానాకాలం పొద్దున అతని పడవ రేవు గట్టుకి గుద్దుకుంది. ఒకావిడ చెయ్యి విరిగింది. పిడ్యో తాగి నడిపాడని ఊరంతా గుప్పుమంది. యజమాని పడవ లాగేసుకున్నాడు.

ఆ సాయంత్రం నేనూ అక్కా వాళ్ళింట్లో పేపర్లు దిద్దుతున్నాం. అతనొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సెలింగ్, చుక్క ముట్టలేదే. నువ్వైనా నమ్ముతావా?"

అక్క తలెత్తి చూసింది. పాత రోజులు గుర్తొచ్చాయో ఏమో, ఆలోచించి మరీ చెప్పింది. "ఐ థింక్... తాగలేదనే అనుకుంటున్నా."

అమ్మ తల్లీ! కట్టుకున్నవాడికి కూడా మాట తూకం వేసే ఇవ్వాలా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకొకడైతే పట్టించుకునేవాడు కాదు. ఏళ్ళ తరబడి ఆ కిటికీ బయట నిలబడ్డవాడికి అర్థం కాదా!

"అనుకుంటున్నావా," అన్నాడు. ఎండుచేపతో నాలుగు మెతుకులు తిని పడుకున్నాడు.

వారం తర్వాత పడవని ఒడ్డుకి లాగి చూస్తే చుక్కాని తాడు తెగిపోయి ఉంది. యజమాని ఇంటికొచ్చి పిడ్యో చేతులు పట్టుకున్నాడు. అతనటు వెళ్ళగానే అక్క వంటింట్లోంచి ఒక్క ఉదుటున వచ్చింది.

"నువ్వు తాగలేదని నాకు తెలుసు పిడ్యో! తెలుసు!"

"ఇప్పుడు హోర్డానంతటికీ తెలుసే," అన్నాడు మెల్లగా. గొంతులో కోపం కూడా లేదు. "తెలిశాక ఇక నమ్మడానికేం మిగిలింది? నేనడిగింది ఆ పూట."

పడవ తిరిగొచ్చింది. కాపురమూ సాగుతోంది, పోట్లాటలేమీ లేవు. బడి వదిలే వేళకి పిడ్యో ఇప్పటికీ వస్తాడు, కానీ కిటికీ దాకా రాడు, గేటు దగ్గరే నిలబడతాడు.

"ఆ ఒక్క మాట అనుంటే నా నోరు పడిపోయేదా!" అని అక్క నా దగ్గర ఎన్నిసార్లు ఏడ్చిందో.

"ఆ ఏడుపేదో బావ దగ్గరే ఏడవొచ్చుగా," అంటాను.

"ఏ మొహం పెట్టుకునే?"

ఆ పాఠం వచ్చిన రోజున మాత్రం కిటికీ రెక్కలు బార్లా తీస్తుంది. ఐ బిలీవ్ దగ్గరికి రాగానే గొంతు పెంచుతుంది, గేటు దాకా వినబడాలని.